ఎండు కాలువలో చూపించిన దారి

కాలువకి నీళ్లు వదిలిన రోజు నాకు అన్నం సయించదు.

ఆ రోజు ఊరంతా సంతోషంగా ఉంటుంది. ఎండాకాలమంతా బీటలు వారి పడున్న కాలువలోకి ముందు నురగ వస్తుంది. దాని వెనక ఎర్రనీళ్లు ఎండుటాకుల్నీ, తెగిపోయిన చెప్పుల్నీ, ప్లాస్టిక్ సీసాల్నీ తోసుకుంటూ వస్తాయి. పిల్లలు గట్టు మీద నీళ్లతో పాటు పరిగెత్తుతారు. మా ఆయన నారుమడి సంగతి మొదలుపెడతాడు. నేను కంచం ముందు కూర్చుంటాను. ముద్ద దిగదు. ఏమైందని అడిగితే పైత్యం అంటాను. ప్రతి ఏడూ సరిగ్గా నీళ్లొచ్చిన రోజునే నాకు పైత్యం ఎందుకు చేస్తుందో ఆయన ఎప్పుడూ అడగలేదు.

పైత్యం కాదు. నేను ఒక పని చేశాను. కొన్నేళ్లుగా దాన్ని కడుపులో పెట్టుకుని తిరుగుతున్నాను. ఆ పని గురించి ఊళ్లో ఇద్దరికి తెలియాలి. ఒకరికి తెలిసి వెళ్లిపోయారు. ఇంకొకరికి ఇప్పటికీ తెలియదు.

రాయడం నాకు కొత్త. ఐదో తరగతి వరకే చదివాను. సరుకుల చీటీ తప్ప ఇంత పొడుగున ఎప్పుడూ రాయలేదు. పేరు పెట్టకుండా ఎవరి సంగతి వాళ్లు రాసి ఇవ్వొచ్చనీ, అలాంటివి పోగేసి పుస్తకం వేస్తారనీ నేను పనిచేసే హైస్కూల్లో ఒక టీచరమ్మ చెప్పింది. నేను వంటల గురించి రాస్తాననుకుని ఉంటుంది ఆవిడ. చదివే మీరెవరో నాకు తెలియదు. తెలియకపోవడమే మంచిదైంది. ఎదురుగా ఉంటే మీ మొహం చూసి సగంలో ఆగిపోయేదాన్ని. అక్షరాలు వంకరగా ఉంటే ఏమనుకోకండి.

మాది దివిసీమ. ఊరి పేరు రాయను. అవనిగడ్డ బస్సు దిగి లోపలికి చాలా దూరం నడవాలి. ఊరి బడి అంటే ఒక గది, ఒక వరండా, వెనక రేకుల వంటశాల. నేను చదివింది ఆ బళ్లోనే. పెళ్లయ్యాక మధ్యాహ్న భోజనం వండింది కూడా అక్కడే. మాది ఊళ్లో సంబంధమే, అందుకని ఆ బడిని నేను ఎప్పుడూ వదల్లేదు. ఒకే మాస్టారు ఉండేవారు. ఆయన బందరు నుంచి రోజూ వచ్చేవారు. ఆయన కంటే నేను ముందు వచ్చేదాన్ని కాబట్టి తాళంచెవి నా కొంగున ఉండేది.

వరండా గోడ మీద ఏ రోజు ఏం వండాలో రంగుతో రాసి ఉండేది. దుర్గ అనే పిల్ల దాన్ని రోజూ చదివేది. కాలువగట్టు మీద గుడిసెలో ఉండే రమణ అనే ఆమె కూతురు. రమణకి నేను అక్కని, దుర్గకి పెద్దమ్మని. చుట్టరికం ఏమీ లేదు, పిలుపులే. దుర్గ రెండో తరగతి. మిగతా పిల్లలు ఇంకా కూడబలుక్కుంటుంటే ఇది గడగడా చదివేది. నడుము మీద చేయి పెట్టుకుని నా వంటశాల గుమ్మంలో నిలబడేది.

"పెద్దమ్మా, గోడ మీద పులిహోరని ఉంది. నువ్వేమో పప్పు పెట్టావు."

"చింతపండు రాలేదే తల్లీ."

"అయితే గోడ చెరిపెయ్యి. అబద్ధం రాసి ఉంటే ఎట్టా?"

పిల్లలంతా నవ్వేవాళ్లు. నేనూ నవ్వేదాన్ని. ఆ మాట ఇప్పుడు గుర్తొస్తే నవ్వు రాదు.

ఆ ఏడాది పైనుంచి ఒక కొత్త పద్ధతి వచ్చింది. పెద్ద బడి కిలోమీటరు లోపల ఉంటే మూడు, నాలుగు, ఐదు తరగతుల పిల్లలు అక్కడికి వెళ్లాలి. అక్కడైతే పాఠానికో టీచరు ఉంటారు, చదువు బాగుంటుంది అన్నారు. వినడానికి నాకూ బాగానే ఉంది. ఇప్పటికీ ఆ మాట తప్పని అనలేను. మా బళ్లో ఒక్క మాస్టారే అన్ని తరగతుల్నీ ఒక్క గదిలో పెట్టుకుని, ఒకళ్లకి లెక్కలు ఇచ్చి ఇంకొకళ్లకి పాఠం చెప్పేవారు. ఆయన గొంతు సాయంత్రానికి బొంగురుపోయేది. ఆర్డరు రాసినవాళ్లు చెడ్డవాళ్లని నేను అనుకోను. కాకపోతే కాగితం మీద దూరం ఎప్పుడూ ఒకటే ఉంటుంది. మా దగ్గర దూరం నెలని బట్టి మారుతుంది.

ఎట్టాగో చెబుతాను. మా ఊరు కాలువకి ఇవతల. హైస్కూలున్న ఊరు అవతల. ఎండాకాలం కాలువకి నీళ్లు కట్టేస్తారు. అప్పుడు ఇవతల గట్టు దిగి, అడుగున నడిచి, అవతల గట్టు ఎక్కితే హైస్కూలు గోడ కనిపిస్తుంది. ఎండాకాలం మేమంతా అట్టానే వెళ్తాం, మేకల్ని కూడా అట్టానే తోలుకెళ్తాం. నీళ్లు వదిలాక ఆ దారి ఉండదు. గట్టు వెంబడి కిందికి, నీళ్లు ఆపి వదిలే లాకుల దాకా వెళ్లి, అక్కడి వంతెన దాటి, మళ్లీ అవతలి గట్టున అంత దూరమూ వెనక్కి రావాలి. పెద్దవాళ్లమే సైకిలో బండో లేకుండా వెళ్లం.

వేసవి సెలవుల్లో ఒక మధ్యాహ్నం మండలం విద్యాశాఖ ఆఫీసు నుంచి ఒకాయన వచ్చాడు. దూరం కొలవడానికి. నడిచే కొద్దీ దూరం చూపించే ఫోను ఉంది ఆయన దగ్గర. మాస్టారు బందరులో ట్రైనింగులో ఉన్నారు. తాళంచెవి నా దగ్గరుందని ఎవరో చెబితే మా ఇంటికి వచ్చాడు. వయసులో నాకంటే చిన్నవాడే. కాలువలు లేని మెట్ట ప్రాంతం మనిషినని చెప్పుకున్నాడు. చొక్కా మొత్తం తడిసి వీపుకి అతుక్కుపోయింది. మంచినీళ్లిచ్చాను. బడి తలుపు తీసి చూపించాను.

"హైస్కూలుకి ఎట్టా వెళ్తారమ్మా ఇక్కణ్ణించి?" అన్నాడు.

"రండి, చూపిస్తాను" అన్నాను.

ఎండ మండిపోతోంది. లాకుల దారిలో ఒక్క చెట్టు నీడ లేదు. ఈ మనిషి పడిపోతాడేమో అనిపించింది. అలవాటు కొద్దీ నా కాళ్లు కాలువ గట్టు దిగాయి. ఆయన నా వెనకే దిగాడు. అవతలి గట్టు ఎక్కాక ఫోను చూసుకుని, "ఇంత దగ్గరా? నేనింకా చాలా దూరం అనుకున్నాను" అని నవ్వాడు.

అంతే. కొలత అయిపోయింది.

అదీ నా తప్పు అని ఇన్నాళ్లూ నాకు నేను చెప్పుకుంటూ వచ్చాను. ఎండకి జాలిపడి దగ్గర దారిలో తీసుకెళ్లాను, ఆయన అడగలేదు, నేను చెప్పలేదు. మనసులో అనుకునేటప్పుడు కూడా అక్కడే ఆపేస్తాను. ఇక్కడ కూడా అక్కడే ఆపేద్దామనుకున్నాను. నిన్న ఇంతవరకూ రాసి పెన్ను పక్కన పెట్టాను. ఇంతవరకూ చదివితే మీకు నా మీద పెద్ద కోపం రాదు. పాపం, చదువుకోని మనిషి, పొరపాటు పడింది అనుకుంటారు. నాకు కావాల్సింది అదేనా? అదే అయితే రాయడం ఎందుకు?

ముందు జరిగింది జరిగినట్టు రాస్తాను. ఆ తర్వాత దాచిన మాట రాస్తాను. వరసలో వస్తేనే నాకు ధైర్యం వస్తుంది.

సెలవులు అయిపోయాక ఆర్డరు వచ్చింది. ఒకటి, రెండు ఇక్కడే. మూడు నుంచి అవతలి హైస్కూలు. దుర్గ మూడుకి వచ్చింది. కొత్త సంచి, బూట్లు ఇచ్చారు. కాలువలో ఇంకా నీళ్లు లేవు. పిల్లలు బూట్లకి మట్టి అంటకూడదని చేతిలో పట్టుకుని, వట్టికాళ్లతో కాలువ దాటి, అవతల గట్టు మీద కూర్చుని తొడుక్కునేవాళ్లు. అందరికీ సరదాగా ఉండేది. తర్వాత నీళ్లొచ్చాయి.

లాకుల దారి చిన్నపిల్లలకి చాలా ఎక్కువ. కొందరు తండ్రులు బండ్ల మీద దింపేవాళ్లు. రమణ మొగుడు రొయ్యల చెరువు దగ్గర కాపలా, పగలూ రాత్రీ అక్కడే ఉంటాడు. రమణ తెల్లారేసరికి రొయ్యలు వలిచే షెడ్డుకి వెళ్లిపోతుంది. వ్యాను వస్తుంది వాళ్ల కోసం. పిల్లని దింపేవాళ్లు లేరు. ఊళ్లో మగవాళ్లు కలిసి కాలువ ఇరుకుగా ఉన్న చోట తాటి మొద్దులు రెండు అడ్డంగా వేశారు. పట్టుకోవడానికి ఒక తాడు కట్టారు.

రమణ నన్ను అడిగింది. "అక్కా, ఆ మొద్దుల మీద పంపిస్తే ఏం కాదు కదా?"

"నేను లేనా? రోజూ చేయి పట్టుకుని దాటిస్తా" అన్నాను.

నేను కూడా హైస్కూలుకే వెళ్తున్నాను మరి. అక్కడ పిల్లలు పెరిగారు కాబట్టి ఆయా పోస్టు ఇంకొకటి ఇచ్చారు. అది నాకు వచ్చింది. మొదట్లో కొన్ని రోజులు అన్నమాట నిలబెట్టుకున్నాను. దుర్గ చేయి పట్టుకుని, ఇంకో ఇద్దరు ముగ్గుర్ని వెనక పెట్టుకుని దాటించాను. తర్వాత హెడ్మాస్టరు గారు పిలిచి, పిల్లలు వచ్చేసరికి బాత్‌రూములు కడిగి ఉండాలమ్మా, బెల్లు కొట్టాక వచ్చి కడిగితే ఎట్టా అన్నారు. ఆయన చెప్పింది న్యాయమే. మర్నాటి నుంచి మా ఆయన బండి మీద లాకుల మీదుగా పెందలాడే వెళ్లిపోయేదాన్ని. ఏ పిల్లల్ని దాటిస్తానన్నానో ఆ పిల్లల వల్లే ఉద్యోగం వచ్చింది, ఆ ఉద్యోగం వల్లే దాటించడం కుదరలేదు. రమణకి ఆ మాట చెప్పానా? చెప్పలేదు. రేపు చెబుదాం, ఎల్లుండి చెబుదాం అనుకున్నాను. రమణ ఇంటి ముందు నుంచే బండి వెళ్లేది. దుర్గ జడలు వేసుకుంటూ గుమ్మంలో కనిపించేది. నేను తల అటు తిప్పుకునేదాన్ని.

వానలు పడుతున్న రోజుల్లో ఒక పొద్దున దుర్గ మొద్దు మీంచి జారింది.

నేను అక్కడ లేను. చీపురు పట్టుకుని అవతల బాత్‌రూములో ఉన్నాను. అరుపులు వినిపించాయి, గేదెల్ని తోలుతున్నారేమో అనుకున్నాను. కాలువలో గేదెల్ని కడుగుతున్న ఒక ముసలాయన దూకి పిల్ల వీపున ఉన్న సంచి పట్టుకుని లాగాడు. సంచే దొరకబట్టి బతికింది. నీళ్లు కక్కించారు. చల్లపల్లి ఆసుపత్రికి తీసుకెళ్లారు. బతికింది. మళ్లీ రాస్తున్నాను, బతికింది. మీరు ఇంకోలా అనుకుంటారేమోనని. ఒక బూటు కాలువలో పోయింది, ఒకటి కాలికి ఉంది.

జ్వరం తగ్గాక కూడా ఆ పిల్ల గట్టు దగ్గరికి వచ్చేది కాదు. నీళ్ల చప్పుడు వింటే తల్లి చీర పట్టుకునేది. గుడిసేమో కాలువగట్టునే. టీచర్లు ఇంటికి వచ్చి పంపించమన్నారు. రమణ వాళ్లకి చేతులెత్తి దండం పెట్టింది. "చదువుకోకపోయినా నాకు పిల్ల కావాలండీ" అంది. మా బళ్లోనే మళ్లీ కూర్చోబెట్టమని అడిగింది. ఇక్కడ మూడో తరగతి లేదు. రెండులోనే మళ్లీ కూర్చుంటే దుర్గ సిగ్గుపడి మానేసింది. ఇంట్లో ఇంకా బడి ఈడు రాని తమ్ముణ్ణి ఆడించింది కొన్నాళ్లు. తర్వాత తల్లితో పాటు వ్యాను ఎక్కింది. ఎవరైనా అడిగితే వయసు ఎక్కువ చెప్పమన్నారట. రొయ్యలు వలిచే చేతులు మీరు చూశారో లేదో. పొద్దుటి నుంచీ ఐసులో నాని వేళ్ల చివర్లు తెల్లగా ముడతలు పడతాయి. ముసలివాళ్ల వేళ్లలా. ఆ పిల్ల చేతులు అట్టా ఉంటాయి.

దుర్గ పడిన వారంలో ఊరివాళ్లు కోపంగా ఆఫీసుకి వెళ్లారు. మా బడి మాకు ఇవ్వండి, మధ్యలో కాలువ ఉంది అన్నారు. సాయంత్రం తిరిగొచ్చి బడి వరండాలో కూర్చున్నారు. నేనూ ఉన్నాను, స్తంభం పక్కన. వాళ్లకి అక్కడ వచ్చిన జవాబు ఇది. కాలువ సంగతి మేం అప్పుడే విచారించాం, ప్రతి ఏడూ వంతెన వేస్తామని మీ ఊరివాళ్లే చెప్పారు. వచ్చే ఏడాది చూద్దాం.

"మన ఊళ్లో ఎవరు చెప్పారహే ఆ మాట?" అన్నాడొకాయన.

అందరూ మాస్టారి వైపు చూశారు. బడి గురించి ఆఫీసువాళ్లు ఆయన్ని కాక ఎవర్ని అడుగుతారు?

"ఆ రోజు నేను ట్రైనింగులో ఉన్నానండీ" అన్నారు మాస్టారు.

"ట్రైనింగులో ఫోను మోగదా మాస్టారూ?"

"ఆయన తప్పేముందిలే. రోజూ బందరు నుంచి రావాలంటే నడుం నొప్పి పుట్టదా మరి? పిల్లలు తగ్గితే బదిలీ, బదిలీ అయితే ఇంటి పక్కన బడి" అన్నాడు ఇంకొకాయన.

నవ్వారు. మాస్టారి కళ్లు ఒక్కసారి నా కొంగు వైపు వచ్చాయి. తాళంచెవి ఉండే చోటికి. తర్వాత నేల చూశారు.

ఇప్పుడు రాస్తాను. ఇందాక వదిలేసింది.

ఆఫీసాయన అడగలేదని రాశాను కదా. అడిగాడు.

కాలువ మధ్యలో ఆగాడు ఆయన. రేవు మెట్ల మీద నీళ్లు నిలిచిన పాచి గీత కనిపించింది ఆయనకి. మనిషి తల కంటే ఎత్తున ఉంది ఆ గీత. దాన్ని వేలితో చూపించాడు.

"ఇంత ఎత్తు నీళ్లొస్తాయా ఇందులో?"

"వదిలినప్పుడు వస్తాయండీ."

"మరి అప్పుడు పిల్లలు ఎట్టా దాటతారమ్మా?"

"వంతెన వేస్తారండీ."

"ఎవరు?"

"ఊళ్లోవాళ్లేనండీ. ప్రతి ఏడూ వేస్తారు."

"చిన్నపిల్లలు నడవగలిగేటట్టు ఉంటుందా?"

"బండి కూడా వెళ్తుందండీ."

ఆ చివరి మాట ఆయన అడగలేదు. నేనే చేర్చాను. మా ఊళ్లో ఆ కాలువ మీద ఎప్పుడూ ఎవరూ వంతెన వెయ్యలేదు. నేను పుట్టాక ఒక మొద్దు వేసినట్టు కూడా గుర్తులేదు. బండి వెళ్లే వంతెన ఎక్కణ్ణించి వచ్చింది నా నోట్లోకి?

ఎక్కణ్ణించి వచ్చిందో నాకు తెలుసు. కాలువ దిగే ముందు, బడి దగ్గరే, ఆయన నీళ్లు తాగుతుంటే నేను ఒక మాట అడిగాను. పిల్లలు పెరిగితే హైస్కూల్లో ఇంకో ఆయాని తీసుకుంటారంట, నిజమేనా అండీ అని. అవునమ్మా, పెరిగితే తీసుకుంటారు, మీరు కూడా అర్జీ పెట్టుకోండి అన్నాడు. మీరు అన్నాడు. నా జీవితంలో కుర్చీలో కూర్చునే మనిషి నన్ను మీరు అనడం అదే మొదటిసారి. ఆ మాట చెవిలో మోగుతుండగానే కాలువలోకి దిగాను. వంటశాలలో పొగకి నా కళ్లు ఎప్పుడూ నీళ్లు కారుతుండేవి. వండిన దానికి బిల్లు ఎప్పుడొస్తుందో తెలియదు, కిరాణా కొట్టాయన దగ్గర తల దించుకోవాలి. ఆయా జీతం నెలనెలా పడుతుందంటారు. ఇవన్నీ నిజాలే. కానీ ఇవన్నీ చెప్పుకోవడం కూడా ఒక రకంగా తప్పించుకోవడమేనేమో. రమణకి నాకంటే కష్టాలు ఎక్కువ. ఆమెని ఎవరైనా ఆ రోజు అడిగి ఉంటే ఏం చెప్పేది? నీళ్లొస్తాయండీ, దారి ఉండదండీ అనేది. అంత చిన్న మాట. దానికి చదువు కూడా అక్కర్లేదు.

నేను నిజం చెప్పినా వాళ్లు వినేవాళ్లా అని చాలాసార్లు అనుకున్నాను. వినకపోయి ఉంటే నాకు కొంచెం తేలికగా ఉండేది. కానీ మా పక్క ఊరికీ హైస్కూలుకీ మధ్య మురుగుకాలువ ఉంది. వాళ్లు మొదట్లోనే చెప్పారట, దారి లేదని. వాళ్ల బడి కదల్లేదు. ఆ ఊరి పిల్లలు ఆ ఊళ్లోనే చదువుకున్నారు. ఆ సంగతి తెలిసిన రోజున నాకు ఇంక సాకు ఏమీ మిగల్లేదు.

సరే, ఆ రోజు కాలువలో ఆశపడి చెప్పాను. వరండాలో స్తంభం పక్కన నిలబడినప్పుడు? అప్పుడు ఉద్యోగం వచ్చేసింది. పిల్ల కాలువలో పడి లేచింది. ఒక మంచి మనిషిని ఊరంతా కలిసి ఎకసెక్కాలాడుతోంది. నోరు తెరిస్తే చాలు. తెరవలేదు. మొదటిది ఆశ అయితే రెండోది ఏమిటి? దానికి నాకు పేరు దొరకడం లేదు. మొదటిదాని కంటే రెండోదే నన్ను ఎక్కువ తింటోంది.

ఆ ఏడాది ఆఖర్లో మాస్టారు బదిలీ పెట్టుకుని వెళ్లిపోయారు. చూశారా, మేం చెప్పలేదా అన్నారు ఊళ్లో. వెళ్లే రోజు సామాను సర్దుకుని, బడి అప్పగించడానికి తాళంచెవి అడిగారు. అప్పటికి వంటకి వేరే మనిషి వచ్చినా ఒక తాళంచెవి పాత అలవాటు కొద్దీ నా దగ్గరే ఉండిపోయింది. కొంగు ముడి విప్పి ఇచ్చాను. ఆయన దాన్ని అరచేతిలో పెట్టుకుని చూశారు.

"ఆ రోజు ఇది నీ దగ్గరే ఉంది కదమ్మా" అన్నారు.

అడిగినట్టు లేదు. కోప్పడినట్టూ లేదు. ఆయన తాళంచెవి జేబులో వేసుకుని బస్సు కోసం నడుచుకుంటూ వెళ్లిపోయారు. ఊళ్లో ఎవరికీ చెప్పలేదు ఆయన. చెప్పి ఉంటే బాగుండేది అని ఇప్పుడు అనిపిస్తుంది. అప్పుడు మాత్రం, నిజం రాస్తున్నాను, హమ్మయ్య అనుకున్నాను.

రమణ నన్ను ఎప్పుడూ ఒక్క మాట అనలేదు. నేను దాటిస్తానని మాటిచ్చి మానేసినందుకు కూడా అనలేదు. "నువ్వు మాత్రం ఏం చేస్తావక్కా, పైవాళ్ల ఆర్డరు" అనేది. నేను ఆ మాటని ఆమె నోటితో చాలాసార్లు అననిచ్చాను. పైవాళ్ల ఆర్డరు. ఎంత హాయిగా ఉంటుందో ఆ మాట వెనక దాక్కుంటే. ఆర్డరు రాసినవాళ్లకి మా కాలువ తెలియదు. వాళ్లకి తెలియకుండా చేసింది నేను.

ఇప్పుడు మళ్లీ పద్ధతి మారింది. మూడు, నాలుగు, ఐదు తరగతులు మా ఊరికి తిరిగి వచ్చాయి. బడికి రంగులేశారు. గోడ మీద వంటల పేర్లు కూడా కొత్తగా రాశారు. తెరిచిన రోజు పొద్దున కొబ్బరికాయ కొడుతుంటే నేనూ వెళ్లాను. రమణ మూడుకి వచ్చిన కొడుకుని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది. వెనక దుర్గ. ఆ రోజు షెడ్డుకి సరుకు రాలేదట, వ్యాను రాలేదు.

"వీడు అదృష్టవంతుడక్కా. ఇంటి ముందుకే బడి వచ్చింది" అంది రమణ.

దుర్గ గోడ ముందు నిలబడింది. పొడుగైంది. నడుము మీద చేయి పెట్టుకోవడం మాత్రం మారలేదు. పైకి చూస్తూ, "పు... లి..." అంది. ఆగింది. పెదాలు కదిలాయి. కింది వరసకి వెళ్లింది. అక్కడా ఆగింది. నేను చూస్తున్నానని గమనించి నవ్వేసింది.

"కొత్త రంగు కదా పెద్దమ్మా. కళ్లకి మెరుస్తోంది, తెలియట్లా."

కొత్త టీచరు విని, నువ్వు కూడా వచ్చి కూర్చోవచ్చమ్మా, నేను చెబుతాను అంది. దుర్గ రొయ్యల చేతులు వెనక్కి పెట్టుకుంది.

"మూడో తరగతిలో తమ్ముడి పక్కనా? వాడు నాకు మొట్టికాయలు వేస్తాడండీ."

అందరూ నవ్వారు. దుర్గ కూడా నవ్వింది. నేను వంటశాల వెనక్కి వెళ్లి, పొగ లేకపోయినా కళ్లు తుడుచుకున్నాను. ఏడుపు కూడా నాకు మంచి పని అనిపించలేదు. ఏడవాల్సింది నేను కాదు కదా.

ఆయా ఉద్యోగం ఇంకా చేస్తున్నాను. మానేద్దామని అనుకున్నాను. మానలేదు. రమణకి చెబుతానా? తెలియదు. చెబుతానని ఇక్కడ రాస్తే అది ఇంకో లేని వంతెన అవుతుందేమో. మాస్టారు ఇప్పుడు ఎక్కడ పనిచేస్తున్నారో కనుక్కోవచ్చు, బందరు పెద్ద దూరమేమీ కాదు. అది కూడా చెయ్యలేదు. క్షమించమని మిమ్మల్ని అడగను. మీరు దుర్గ కారు, మాస్టారూ కారు.

ఒక్కటి మాత్రం చెప్పి ముగిస్తాను. ఇన్నేళ్లుగా నేను ఒక జవాబు తయారుచేసి పెట్టుకున్నాను. బాత్‌రూములు కడుగుతూ, బండి మీద లాకులు దాటుతూ దాన్ని లోపల అనుకుంటూనే ఉన్నాను. బడి మళ్లీ తెరుస్తారని విన్నప్పుడు ఆఫీసు నుంచి ఎవరో వస్తారు, దూరం కొలుస్తారు, దారి అడుగుతారు, ఈసారి చెప్పేస్తాను అనుకున్నాను. ఎవరూ రాలేదు. ఈసారి కొలవలేదు. పైన మాట మారింది, ఇక్కడ తలుపు తెరుచుకుంది. నన్ను ఎవరూ ఏమీ అడగలేదు. ఆ జవాబు నాతోనే ఉండిపోయింది.

అందుకని మీకు చెబుతున్నాను. గట్టు మీద నిలబడి ఆ ఎండలో ఆయనకి చెప్పాల్సిన మాట.

అటు దిగకండీ. అది ఎండాకాలం దారి. నీళ్లొస్తే తల మునుగుతుంది. వంతెన లేదు, ఎప్పుడూ ఎవరూ వెయ్యలేదు. పిల్లలు నడవాల్సింది లాకుల మీదుగా. చాలా దూరమండీ. ఎండైనా సరే, పదండి, అటే వెళ్దాం.